దిగులుకి పట్టిన చెమట

పొద్దున్నే వేలు చాపడం ఆయనకు అలవాటైపోయింది. కూతురు సూదితో గుచ్చి, నెత్తుటి చుక్కను పట్టీకి అంటించి, షుగరు మీటరు వంక చూసింది. ఆయన చూసింది మాత్రం కూతురి మొహం వంక. అంకె ఎంతో ఆ కనుబొమలే చెప్పేస్తాయి.

"మళ్ళీ రెండొందలు దాటింది నాన్నా!"

"మీటరుకి నీ పోలికే వచ్చిందమ్మడూ. గోరంత ఉంటే కొండంత చెబుతుంది."

టీ కప్పుతో వచ్చిన అల్లుడు నవ్వబోయి, భార్య మొహం చూసి మానుకున్నాడు.

ఉద్యోగకాలమంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి ఆయన. భార్య పోయాక కూతురింటికి వచ్చేశాడు. ఆ రోజుల్లోనే మాత్రలు చాలక, పడుకోబోయే ముందు వేసుకునే ఇన్సులిన్ మొదలైంది. రాత్రంతా నిదానంగా పనిచేసి, తెల్లారేసరికి షుగరును అదుపులో ఉంచే మందు. పరగడుపు అంకె దిగకపోతే కొద్దికొద్దిగా పెంచమన్నాడు డాక్టరు. కూతురు పెంచుతూనే ఉంది. మోతాదు కోసం మందు పెన్ను తిప్పుతుంటే వినిపించే టిక్కులు ఎక్కువవుతున్నాయి. అంకె మాత్రం దిగడం లేదు.

"ఇవాళ ఇంకో రెండు యూనిట్లు పెంచుతాను," అంటూ పాలు తీయడానికి ఫ్రిజ్ తెరిచింది. తెరిచి, ఖాళీ సీసా ఒకటి బయటికి తీసింది. "ఈ జామ్ సీసా ఎవరు ఖాళీ చేశారు?"

"నా వైపు చూడకు. నాకు జామంటేనే పడదు," అన్నాడు అల్లుడు.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

"నాన్నా, నిన్నే. రాత్రిళ్ళు లేచి తింటున్నావా?"

ఆయన చొక్కా గుండీ సరిచేసుకున్నాడు.

"డాక్టరు ముందు దోషిలా నిలబడేది నేను! నా వంటలో ఏదో తప్పుందని ఉప్పు మానేశాను, నూనె మానేశాను, ఈయన నోరు కట్టేశాను. నువ్వేమో దొంగతనంగా జామ్ తింటావా? చిన్నపిల్లాడివా?"

"దిగులేస్తే తిన్నాను."

"దిగులేస్తే జామ్ తింటారా ఎవరైనా?"

ఆ గొంతులో కోపం ఆయనకు కష్టమనిపించలేదు. ఆ మాట పైకి చెప్పాల్సి రావడమే కష్టమనిపించింది. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరి చేతా దిద్దించుకోకుండా లోపలే ఉంచుకున్నాడు.

"రాత్రి ఉన్నట్టుండి మెలకువొస్తుంది," అన్నాడు మెల్లగా. "గుండె దడదడలాడుతుంది. ఒళ్ళంతా చెమట. పక్క తడిసిపోతుంది. చేతులు వణుకుతాయి. ఈ ఇల్లు ఎవరిదో, నేనెక్కడున్నానో కూడా తెలియదు. మీ అమ్మ లేదన్న సంగతి అప్పుడే మళ్ళీ కొత్తగా తెలిసినట్టుంటుంది. గోడ పట్టుకుని వంటింట్లోకి వస్తాను. జామ్ మీ అమ్మకి ఇష్టం కదా. చెంచాతో తింటూ ఆవిడతో మాట్లాడతాను. కాసేపటికి వణుకు తగ్గిపోతుంది. ఆవిడే వచ్చి వీపు నిమిరినట్టుంటుంది."

కూతురు సీసాను బల్ల మీద పెట్టింది.

డాక్టరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. రాత్రి సంగతంతా విని డాక్టరు అన్నాడు,

"మందు పెంచకండమ్మా, తగ్గించాలి. నిద్రలో షుగరు పడిపోతున్నట్టుంది. ఆ చెమటా వణుకూ అందుకే. ఆయన లేచి తింటున్నారు కాబట్టి పొద్దుటికి పెరిగి కనిపిస్తోంది. అది చూసి మీరు పెంచుతున్నారు. అలా అనిపించినప్పుడు వెంటనే మీటరు పెట్టి చూడండి. ఒంటరిగా మాత్రం వదలకండి. ఏదో ఒక రాత్రి మెలకువ రాకపోయి ఉంటే..."

ఫోన్ పెట్టేసి కూతురు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. "నా చేత్తో నేనే నాన్నా... నా చేత్తోనే వేశాను."

"చాల్లే, నీకేం తెలుసు," అని ఆమె తల మీద చెయ్యి వేశాడు. కానీ ఆయన మనసు ఇంకెక్కడో ఉంది. ఆమెనే అడిగాడు, "అయితే అది దిగులు కాదంటావా?"



లోకంలో తప్పులన్నీ పట్టిన కన్ను, సొంత ఒంట్లో ఒక మాటకి బదులు ఇంకో మాటను చదువుకుంటూ వచ్చింది. భార్య పోవడమూ సూది రావడమూ ఇంచుమించు ఒకేసారి జరిగాయి. ఏది దేనిదో విడదీసుకునే వీలే దొరకలేదు. ప్రాణం దక్కినందుకు సంతోషించాలని ఆయనకు తెలుసు. కానీ లోపల ఎవరో ఆవిడను రెండోసారి తీసుకుపోయినట్టుంది.

మందు తగ్గించారు. కూతురు ఆయన గదిలోనే పక్క వేసుకుంది. మధ్యలో లేచి వేలు గుచ్చి చూసేది. కొన్నాళ్ళకు రాత్రి అంకె పడిపోవడం ఆగింది, పొద్దుటి అంకె దానంతటదే దిగింది.

"నూట పదిహేను!" అని ఒక ఉదయం కూతురు పెద్దగా అరిచింది. "మామయ్యగారు ఫస్టు క్లాసులో పాసయ్యారు!" అన్నాడు అల్లుడు లోపలినుంచి.

ఆయన నవ్వలేదు. "రాత్రి మీ అమ్మ రాలేదు," అన్నాడు.

కూతురు మీటరు పక్కన పెట్టింది. లేచి వెళ్ళి కొత్త జామ్ సీసా, ఒక చెంచా తెచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"సీసా తెచ్చావేంటి? ఇప్పుడు తినకూడదు కదా?"

"నీకు కాదు, నాకు." చెంచాడు నోట్లో పెట్టుకుంది. "నువ్వు మాట్లాడు. రాత్రిళ్ళు అమ్మతో ఏం మాట్లాడేవాడివి?"

"పిచ్చి మాటలు."

"అవే చెప్పు. నేనూ ఎవరితోనూ మాట్లాడలేదు నాన్నా, అమ్మ గురించి. నీకు గుర్తొస్తుందని."

ఆయన నోరు తెరిచాడు. చూపు మసకబారింది. అలవాటుగా తన చేతుల వంక చూసుకున్నాడు. అవి వణకడం లేదు. ఒంటికి చెమట లేదు. గుండె తన దారిన తాను కొట్టుకుంటోంది.

అయినా ఏడుపొచ్చింది.

"ఇది మందు వల్ల కాదమ్మడూ," అన్నాడు.