మెత్తని సీసం

ఫర్దీన్ ఇసుక బస్తాల పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. తెల్ల చొక్కా మీద, ఛాతీకి కాస్త కుడివైపున, ఒక కన్నం. దాని చుట్టూ నెత్తురు చిక్కబడుతోంది. ఉదయం తొమ్మిదిన్నర. గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమా కొండల కింద ఆ పాత క్వారీలో అప్పటికే ఎండ నిప్పులు చెరుగుతోంది.

తుపాకి పేల్చింది జానీ బాషా. పోలీసులు వచ్చేసరికి తుపాకి నేల మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ అడగకముందే నేరం ఒప్పుకున్నాడు.

"నేనే కాల్చినా. నా తుపాకి గుండే తగిలింది."

కేసు ఖలాస్ అనుకున్నారు అందరూ. నాలుగో రోజున ఫైలు అస్మా టేబుల్ మీదికి వచ్చింది. చివరి సంతకం కోసం.

అస్మాది నెల్లూరు. పోలీసు ఫోరెన్సిక్ ల్యాబ్‌లో తుపాకుల విభాగం చూస్తుంది. "అంతా క్లియర్ మేడమ్" అని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. ఆ మాట ఈ కేసు చూస్తున్న పోలీసు కెప్టెన్ ఆ ఉదయం రెండుసార్లు అన్నాడు.

ఆ క్వారీ ఒక వేట తూటాల కంపెనీ టెస్ట్ రేంజ్. తూటాలు ఇక్కడ పరీక్షించి వేరే దేశాలకు పంపుతారు. తుపాకులేమో పాతకాలం తరహావి. గొట్టం మూతి నుంచి మందు పోసి, తూటా పెట్టి, కడ్డీతో దట్టించే మజిల్‌లోడర్లు. మన అడవి పల్లెల్లో నాటు తుపాకి అంటారే, దానికి దొరల రకం అన్నమాట.

తూటాలు రెండు రకాలు. మెత్తని సీసంతో చేసింది కండలో దిగగానే పుట్టగొడుగులా విచ్చుకుని అక్కడే ఆగిపోతుంది. గట్టి మిశ్రమంతో చేసింది విచ్చుకోదు, దూసుకుపోతుంది. ఏది ఎంత విచ్చుకుంది, ఎంత లోతు దిగింది అని పోల్చడమే అక్కడి పని. కండకు బదులు జెలటిన్ దిమ్మ పెడతారు. హలాల్ ముద్ర ఉన్న ఎద్దు జెలటిన్ బస్తాలు తెచ్చి, నీళ్లలో కాచి, బూజు పట్టకుండా దాల్చినచెక్క నూనె కలిపి, అచ్చుల్లో పోసి చిల్లర్‌లో గడ్డ కట్టిస్తారు. ఆ గదిలోకి వెళితే ఎవరో బిర్యానీ వండుతున్నట్టే ఉంటుంది.

కెప్టెన్ చెప్పిన కథ ఇది, అక్కడి ఇంజినీరు షాహబాజ్ చెప్పగా విన్నది. ఆ రోజు చిల్లర్ పాడైంది. దిమ్మ ఎండకి మెత్తబడింది. కంపెనీ ముదీర్, అంటే మేనేజర్ ఫర్దీన్, కెమెరా సరిచెయ్యడానికి దిమ్మ వెనక్కి వెళ్లాడు. బాషా చూసుకోకుండా పేల్చాడు. ఆగాల్సిన మెత్తని సీసం తూటా, జావలా ఉన్న దిమ్మలోంచి దూరి వెనకున్న మనిషికి తగిలింది. మధ్యాహ్నం ప్రాసిక్యూటర్ ముందు బాషా వాంగ్మూలం ఇస్తాడు. ఆ తర్వాత జైలే.

ఫర్దీన్ ఒంట్లోంచి తీసిన తూటాను అస్మా ట్రేలో పెట్టింది. బ్రహ్మాండంగా విచ్చుకుంది, రూపాయి బిళ్ల అంత. పక్కన సీలు వేసిన కవరులోంచి చొక్కా తీసి పరిచింది. ఇంతవరకు ఆ కవరు ఎవరూ విప్పలేదు. తప్పు ఒప్పుకున్న మనిషి ఎదురుగా ఉంటే చొక్కాతో ఎవరికి పని?

కన్నం మీద తూటా పెట్టి చూసింది. తూటా కన్నాన్ని పూర్తిగా కప్పేసింది.

సంతకం చెయ్యలేదు. తిన్నగా లాకప్‌కి వెళ్లింది.

జానీ బాషాది కడప జిల్లా. నాలుగు రోజులుగా టీ తప్ప ఏమీ ముట్టలేదట. అతని భార్య సర్వర్ బేగం సజ్జాలో ఒక లేబర్ క్యాంపు మెస్‌లో వంట చేస్తుంది. ఆమెకు ఫోన్ చెయ్యమని పోలీసులే చెప్పినా అతను ఒప్పుకోలేదు. మనిషిని చంపినానని ఏ నోటితో చెప్పాల అని అడిగాడు.

పేల్చమని ఎవరు చెప్పారని అస్మా అడిగింది.

"షాహబాజ్ సార్. ఆయనే లెక్క పెడతాడు. ఏక్, దో, తీన్. తీన్ అనంగానే నేను ట్రిగ్గర్ లాగుతా. కెమెరా కోసరం అట్ల రోజూ ఉండేదే."

"ఆయన ఎక్కడ నిలబడ్డాడు?"

"నా కుడిపక్క, అవతలి బెంచి కాడ. ఆయన తుపాకి ఆడనే ఉంటాది. నేను దిమ్మనే చూస్తాండా. కాల్చంగానే పొగ కమ్మేసింది. పొగ పోయినాంక చూస్తే ముదీర్ పడిపోయినాడు."

"శబ్దం ఎన్నిసార్లు వినపడింది?"

"చెవులకు మూతలు ఉంటాయి కదా మేడమ్. నా తుపాకి పేలిందే తెలుసు."

అస్మా లేచింది. మధ్యాహ్నంలోగా పని తేలకపోతే ఈ మనిషి చెయ్యని హత్యను మొయ్యాలి. పైగా అది తాను చేసిందేనని జీవితాంతం నమ్ముతాడు. జైలు కన్నా ఆ నమ్మకమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

క్వారీలో కెప్టెన్, షాహబాజ్, దిమ్మలు పోసే అబ్బులు ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. దూరంగా పక్క క్వారీలో పేలుడు జరిగింది. కాళ్ల కింద నేల అదిరింది.

షాహబాజ్ హైదరాబాదీ. కంపెనీలో కొత్త తూటాల డిజైన్ చూసే ఇంజినీరు. ఈ మధ్యే కొత్త గట్టి తూటా ఒకటి తయారు చేశాడు. అది విచ్చుకోవడం లేదని, తగిలిన జంతువు చావక గాయంతో పారిపోతుందని, దాన్ని మార్కెట్‌లోకి పంపనని ఫర్దీన్ అందరి ముందూ తేల్చి చెప్పాడు. నెలాఖరుకి షాహబాజ్‌ని ఇంటికి పంపేస్తున్నట్టు కూడా చెప్పాడు. ఈ ముక్క దారిలో కెప్టెనే చెప్పాడు, పెద్దగా పట్టించుకోకుండా.

అస్మా ల్యాబ్ నుంచి తెచ్చిన ఒక దిమ్మని కావాలనే ఎండలో పెట్టించింది. అది వణుకుతూ అంచుల్లో కారడం మొదలుపెట్టాక దాని ముందొక తెల్ల గుడ్డ, వెనకొక తెల్ల గుడ్డ కట్టించింది. ల్యాబ్ తుపాకిలోనే మెత్తని సీసం తూటా దట్టించి తనే పేల్చింది. తెల్లటి పొగ. కుళ్లిన గుడ్ల వాసన.

షాహబాజ్ అన్నది నిజమే. తూటా మెత్తబడ్డ దిమ్మని దాటింది. అతను నవ్వాడు కూడా.

"నేను చెప్పలేదా మేడమ్? ఎండకి జెల్ ఖరాబ్ అయింది. బాషాగాడి నసీబ్, అంతే."

అస్మా రెండు గుడ్డలూ తెచ్చి బల్ల మీద పరిచింది. ముందు గుడ్డకి వేలు పట్టేంత గుండ్రటి కన్నం. వెనక గుడ్డకి పెద్ద చిరుగు, అంచులు పీలికలు. మెత్తని సీసం నీళ్లలోకి కాల్చినా విచ్చుకుంటుందని ఆమె కెప్టెన్‌కి వివరించింది. దిమ్మ దాటి వచ్చిన తూటా అప్పటికే విచ్చుకుని ఉంటుంది. అది తగిలితే చొక్కా ఇలా చిరగాలి.

చివరగా ఫర్దీన్ చొక్కా పరిచింది. వేలు పట్టేంత గుండ్రటి కన్నం.

"ఈ తూటా ఫర్దీన్ ఒంట్లోనే విచ్చుకుంది. అంతకు ముందు దేన్నీ తాకలేదు. ఎవరో నేరుగా కాల్చారు."

మరి బాషా పేల్చిన తూటా ఏమైందని కెప్టెన్ అడిగాడు. అస్మా అబ్బులు వైపు తిరిగింది. ఆ రోజు పేల్చిన దిమ్మ ఎక్కడని అడిగింది.

అబ్బులుది గోదావరి జిల్లా. భయపడుతూ చెప్పాడు. "కరిగించేశానండి. కారిపోతంది, పోలీసులొచ్చేలోపు గిన్నెలో ఏసెయ్ అని షాహబాజ్ సార్ అన్నారండి. మేం ఎప్పుడూ అంతే కదండీ, కాల్చిందాన్నే మళ్లీ పోస్తాం."

"కరిగించే ముందు తూటా కోసి తీస్తారు కదా?"

"తీస్తామండి. కానీ ఆ యేళ తూటా దాటిపోయిందన్నారు కదండీ. ఇంక లేనిదాన్ని ఏం ఎతుకుతానండి?"

అక్కడ అందరూ చేసిన పొరపాటు అదే. పోలీసులు చిల్లర్ గదికి వేసిన సీలు ఇప్పుడు తీశారు. పాడైందన్న చిల్లర్ చల్లగా, చక్కగా నడుస్తోంది. అబ్బులు ఆ రోజు పోసిన అచ్చు తెచ్చి బల్ల మీద బోర్లించాడు. దాల్చినచెక్క వాసన గుప్పుమంది. దిమ్మ పైన, అంటే అచ్చులో అడుగున ఉన్న వైపున, నల్లగా ఏదో ఇరుక్కుని ఉంది.

అస్మా కత్తితో గీరి తీసింది. పుట్టగొడుగులా విచ్చుకున్న సీసం.

షాహబాజ్ నవ్వు ఆగిపోయింది. అది పాత తూటా కావచ్చన్నాడు.

"కావచ్చు. మీ తుపాకి ఆ రోజు పేల్చారా?"

"లేదు మేడమ్. కసమ్ సే. ముందు రోజు సాయంత్రం బాషా కడిగి పెట్టిందే, అట్లనే ఉంది."

అస్మాకి కావలసింది ఆ మాటే. తుపాకుల గది కూడా నాలుగు రోజులుగా సీలులోనే ఉంది. బాషా పేల్చిన తుపాకిని మాత్రం పోలీసులు ఆ రోజే తీసుకెళ్లారు. నల్ల మందు పేల్చిన గొట్టాన్ని ఆ రోజే వేడి సబ్బు నీళ్లతో కడిగి నూనె పట్టించాలి. లేకపోతే ఈ సముద్రపు గాలికి ఇట్టే తుప్పు పడుతుంది. ఆ చాకిరీ అంతా బాషాదే. షాహబాజ్ దర్జాగా పేల్చడమే తప్ప ఏనాడూ గొట్టం కడిగిన పాపాన పోలేదు.

ఆమె ఒక్కొక్క తుపాకిలో తెల్ల గుడ్డ దూర్చి తీసింది. మొదటిది, నూనె. రెండోది, నూనె. మూడోది షాహబాజ్‌ది. గుడ్డ నల్లగా, ఎర్రటి తుప్పుతో బయటికి వచ్చింది.

"తీన్ అన్నది మీరే. బాషాతో పాటే పేల్చిందీ మీరే. ఫర్దీన్‌ని కెమెరా దగ్గరికి పంపిందీ మీరేనని అనుకుంటున్నాను," అంది అస్మా. "అంత గొప్పగా తయారు చేశారే, మీ గట్టి తూటా ఎందుకు వాడలేదు?"

షాహబాజ్ నేల చూపులు చూస్తూ అన్నాడు.

"బాషా తూటాలాగే ఉండాలె కదా." తన తుపాకి వైపు చూశాడు. "నాది కొడితే... బతికేటోడేమో."

కెప్టెన్ అతని చేతులకి సంకెళ్లు వేశాడు.

లాకప్‌కి అస్మా తనే వెళ్లింది. బాషా తూటా దిమ్మ దాటనే లేదని, ఫర్దీన్‌ని చంపింది షాహబాజ్ అని చెప్పింది. బాషా వెంటనే నమ్మలేదు. ఆమె రెండోసారి చెప్పాక తలెత్తాడు.

"ముదీర్ ఒంట్లో దొరికింది మెత్తని సీసమే కదా మేడమ్?"

"అవును."

"ఆ తూటాలన్నీ సీసం కరిగించి పోసేది నేనే."

అస్మా అబద్ధం చెప్పలేకపోయింది. అవునన్నట్టు తలూపింది.

"జంతువు ఒక్క గుండుకే పోవల్ల, బాధపడగూడదు అని, సీసంలో ఏమీ కలపకుండా పోస్తా. శానా జాగ్రత్తగా పోస్తా మేడమ్."

అస్మా తన ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది. అతను రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారికి నంబరు కలిపాడు. అవతల సర్వర్ బేగం ఎత్తింది.

"నేను కాదంట," అన్నాడు బాషా.

ఆమె అవతల నుంచి ఏదేదో అడుగుతూనే ఉంది. బాషా ఫోన్ చెవికి ఆనించుకుని, ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి, గట్టిగా ఏడ్చాడు.