ప్రాక్టీసు కాని ‘మ్యోష్టే’

జర్మన్ పరీక్షలో ఇద్దరం పాసయ్యామన్న కబురు అందేసరికి నేను ఆగిపోయిన ఒక లిఫ్టు నెత్తిన కూర్చుని బోల్టులు బిగిస్తున్నాను. ఫోనులో ఆమె గొంతు గాల్లో తేలుతోంది.

"లిఫ్టుగారూ, పాస్. మీరూ, నేనూ."

"అయితే సోమవారం నుంచి క్లాసు లేదన్నమాట."

ఫోనులో వాన చప్పుడు వినిపించింది.

ఆమె తన బాబాయి కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. జర్మన్ క్లాసులో నా పక్క కుర్చీ, అందుకే నా జోడీ. అక్కడ మా మేడమ్ పద్ధతి ఒకటుంది. ఏం కావాలన్నా ‘ఇష్ మ్యోష్టే’ అనే అడగాలి. ‘ఇష్ విల్’ అంటే నాకు కావాలంతే అని పట్టుబట్టడం. ‘ఇష్ మ్యోష్టే’ అంటే నాకు కావాలని ఉంది, మీరేమంటారు అని మెల్లగా తలుపు తట్టడం.

నేను టీతో మొదలుపెట్టాను. కిటికీ పక్క సీటు, ఆమె గొడుగు అడిగాను. వాన ముంచెత్తిన ఒక రోజు, మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉందని కూడా అనేశాను. ఆమె తల వంచుకుని, "నాకూ ఉంది" అని జర్మన్‌లోనే జవాబిచ్చింది.

"బాగుంది, తర్వాతి జోడీ" అన్నారు మేడమ్.

అది పాఠమో నిజమో తెలియక, అప్పట్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. ఇక క్లాసు కూడా లేదు. సాయంత్రం తడుస్తూనే షాపుకి వెళ్ళాను. ఆమె ఒక కళ్ళజోడు అద్దాన్ని దీపం వెలుగుకెత్తి చూస్తోంది.

"ఆ రోజు క్లాసులో మిమ్మల్ని ఒకటి అడిగాను."

"చాలా అడిగారు. నా పెన్సిలు ఇంకా ఇవ్వలేదు."

"పెళ్ళి గురించి."

అద్దం వెనక ఆమె కన్ను ఇంతదై నా మీద నిలిచింది.

"అది ప్రాక్టీసు కదండీ."

నా గుండె నాలుగంతస్తులు జారింది. "నాది కాదు. మీది ప్రాక్టీసే అయితే చెప్పేయండి, వెళ్ళిపోతాను."

ఆమె అద్దం కిందపెట్టింది. "మహానుభావా, మిగతా జవాబులన్నీ ఇంట్లో బట్టీపట్టి వచ్చేదాన్ని. అదొక్కటే అప్పటికప్పుడు నోట్లోంచి వచ్చింది. ఇంకా విడమరచి చెప్పాలా?"

లోపలి గదిలో బాబాయి దగ్గాడు.

"ఏమ్మా, ఈ అబ్బాయికి చూపు బానే ఉందా?"

"దగ్గరివి కనపడవు బాబాయ్."

"అయితే మనమే చూసుకోవాలి. బాబూ, రేపు ఆదివారం, పొద్దున్నే మీ అమ్మానాన్నల్ని తీసుకుని మా ఇంటికి వచ్చెయ్. అన్నయ్యతో నేను మాట్లాడి ఉంచుతాను. జర్మన్ మాత్రం వద్దు. ఆయనకి తెలుగే గట్టిగా చెప్పాలి."