నల్లరంగు కింద నంబరు

ఆ సాయంత్రం పెయింటరు షెడ్డులో వాన చప్పుడు తప్ప వేరే సందడి లేదు. ఆరబెట్టాల్సిన బోర్డులు గోడకు ఆనించి ఉన్నాయి. షెడ్డు మధ్యలో, ఉన్న చోటంతా తనదే అన్నట్టు, మిలిటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్న పాత ట్రక్కు నిలబడి ఉంది. దాని పక్కన కొత్త పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు పెయింటరు బామ్మర్ది.

ఆ నవ్వు చూస్తుంటే పెయింటరుకు ఒళ్ళు మండిపోతోంది. ఈ ట్రక్కును ముందు చూసింది ఎవరు? ఆదివారం ఆదివారం పాత బండ్ల యార్డుకు తీసుకెళ్ళి, ఏది బండో ఏది తుక్కో వీడికి నేర్పింది ఎవరు? "ఇది మాత్రం నాది" అని బానెట్ మీద చెయ్యి వేసి చెప్పింది ఎవరు? అన్నీ విని, తలూపి, వేలం రోజు చెప్పాపెట్టకుండా వెళ్ళి పాడేసుకొచ్చాడు పెద్దమనిషి. ప్లేటు రాయడానికి మాత్రం మళ్ళీ ఈ బావే కావాలి!

"బావా, రిజిస్ట్రేషనుకు రెండు దారులున్నాయట. అందరిలా కొత్త నంబరు తీసుకోవచ్చు. లేదంటే, పాత మిలిటరీ నంబరు బాడీ మీద ఎక్కడైనా దొరికితే అదే ప్లేటుకు ఇస్తారట. ఏది బాగుంటుందంటావు?"

"గీకి చూస్తే కదా తెలిసేది" అన్నాడు పెయింటరు పొడిగా.

టీ తెచ్చిన భార్య గ్లాసు అందిస్తూ గొంతు తగ్గించింది. "వాడేదో ఆశపడి కొనేశాడు. కడుపులో పెట్టుకోకండి."

"నా కడుపులో నీ టీ తప్ప ఏముంది?"

ఆమె నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. అతను బంపరు దగ్గర కూర్చుని గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చ పొర లేచింది. దాని కింద నల్లటి పట్టీ. ఆ నలుపు కింద తెల్లగా ఏవో అంకెలు.

అతని చెయ్యి ఆగిపోయింది.

అతనికి పని నేర్పిన గురువు మిలిటరీ డిపోలో బండ్లకు నంబర్లు రాసినవాడు. ఒకసారి చెప్పాడు. "డ్రైవరు బండిలోనే పోతే, ఆ నంబరు మీద నల్లరంగు కొట్టి వేరేది వేసేవాళ్ళంరా. పోయినవాడు నంబరు చూసే బండిని వెతుక్కుంటాడు. నలుపు కనిపిస్తే చెయ్యి తీసెయ్. పొరపాటున కూడా బయటపెట్టకు."

పెయింటరు తలెత్తి చూశాడు. బామ్మర్ది ట్రక్కు తలుపును అరచేత్తో ప్రేమగా నిమురుతున్నాడు.

అంతే. అనుభవించు, అనుకున్నాడు పెయింటరు. మిగతా నలుపంతా గీకేశాడు.

"దొరికింది బామ్మర్దీ. కళ్ళు మూసుకుని ఇదే పెట్టించుకో. ఈ రాజసం కొత్త నంబరుకు వస్తుందా?"

"నీలాంటి బావ ఎవరికుంటాడు!" అంటూ భుజం నొక్కి, పొద్దున్నే వస్తానని వెళ్ళిపోయాడు బామ్మర్ది. పెయింటరుకు ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. ఆ తర్వాత బ్రష్షు తీసుకున్నాడు.

బయట చీకటి పడుతోంది. ప్లేటు మీద చివరి అంకె ఏడు. దాని తోకను ఎప్పటిలాగే కొంచెం పైకి తిప్పాడు. ఆ వంపు చూసి ఊళ్ళో ఎవరైనా అతని రాతని గుర్తుపట్టేస్తారు.

అప్పుడు వాసన వచ్చింది. డీజిలు... తడిసిన కంబళి... మాడిన వైరు.

పైన క్యాబిన్‌లో సీటు కిర్రుమంది.

"ఎవరది?"

తలుపు తెరుచుకోలేదు. కానీ బరువైన బూట్లు మెట్టు దిగాయి. ఒక అడుగు... ఇంకో అడుగు... సరిగ్గా అతని వెనకాల ఆగాయి. మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది.

"నా బండి... దొరికింది..."

పెయింటరు వెనక్కి తిరగలేదు.

"ఇప్పుడు... ఎవరిది?"

మా బామ్మర్దిది. ఆ ఒక్క మాట అంటే చాలు. అందుకే కదా ఇంత చేసింది! మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఇన్నాళ్ళుగా లోపల కుతకుత ఉడుకుతున్నది దాన్ని తోసేసి ముందు దూకింది.

"నాది" అన్నాడు.

బూట్లు మళ్ళీ మెట్టెక్కాయి. సీటు కిర్రుమంది.

పొద్దున బామ్మర్ది వచ్చి ప్లేటు బిగించి ఎంత తాళం తిప్పినా ట్రక్కు ఉలకలేదు, పలకలేదు. పెయింటరు తాళం తిప్పగానే గుర్రుమని లేచింది. మెకానిక్కులు వచ్చి తల గోక్కుని పోయారు. చివరికి బామ్మర్ది ముఖం వేలాడేసుకుని, "దీనికి నువ్వే కావాలట బావా, ఉంచుకో" అన్నాడు.

అతను ట్రక్కు నడుపుతుంటే వీధి వీధంతా చూసింది. పెయింటరు కడుపు చల్లబడింది. కానీ వాన లేని రోజుల్లోనూ డ్రైవరు సీటు తెల్లారేసరికి తడిసి ఉండేది. నడుపుతుంటే క్యాబిన్‌లో రెండో ఊపిరి వినిపించేది.

దీనికి మందేమిటో అతనికి తెలుసు. ఒక సాయంత్రం నల్లరంగు డబ్బా మూత తీసి, బ్రష్షు ముంచి, బంపరు మీదా ప్లేటు మీదా ఉన్న నంబరు కప్పేయడానికి కూర్చున్నాడు. గేటు దగ్గర బామ్మర్ది గొంతు వినిపించింది.

"బావా, ఒక్కసారి మళ్ళీ తిప్పి చూడనా?"

నంబరు చెరిపేస్తే వచ్చినవాడు దారి తప్పిపోతాడు. అప్పుడిది మామూలు బండి. మామూలు బండి ఎవరు తిప్పినా కదులుతుంది... వీడు తిప్పినా.

పెయింటరు మూత గట్టిగా బిగించాడు. "ఎందుకులే బామ్మర్దీ, మళ్ళీ నిరాశపడతావు."

ఆ రాత్రి అన్నం తిని లేస్తుంటే షెడ్డులో ఇంజను గుర్రుమంది.

"బండి ఎవరు తీశారండీ?" అంది భార్య.

అతను జేబు తడుముకున్నాడు. తాళంచెవి అక్కడే ఉంది. మెల్లగా కిటికీ వైపు తిరిగాడు.

"ఉండండి, కదలకండి." ఆమె దగ్గరికొచ్చి అతని చొక్కా కాలరు కిందికి లాగింది. "మెడ వెనక ఇదేంటి? తెల్ల పెయింటుతో నంబరు... మీ రాతే. ఏడు తోక కూడా మీరు తిప్పినట్టే ఉంది."

ఆమె వేలితో ముట్టుకుని చూసింది.

"ఇంకా తడిగానే ఉంది..."