పక్క సీటు

ఆ ఇంట్లో తెల్లారితే కోడి కుయ్యదు, కాళ్లు మోగుతాయి. ఒకటి ఆయనది, రెండోది ఆవిడది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. కాఫీ తాగుతున్నా కుడికాలితో నేలని నొక్కుతూనే ఉంటాడు, కప్పు ఎక్కడ అదుపు తప్పుతుందో అన్నట్టు. ఆవిడ దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను తొక్కుతూనే ఉంటుంది. ఆయన కాలు ఆపడానికి, ఆవిడ కాలు నడపడానికి పుట్టాయనీ, కాపురం సమానవేగంతో సాగుతున్నది అందుకేననీ ఆయన తల్లి అంటుంది. నాయనమ్మ ఆ ఇంటికి పెద్దదిక్కు. గొంతు మాత్రం దిక్కులు పిక్కటిల్లే దిక్కు.

ఆ ఉదయం కూతురు తన ఫోనుని బల్లమీద నీళ్లచెంబుకి ఆనించి నిలబెట్టింది. కళ్లద్దాల దుకాణంలో పనిచేసే పిల్ల. ఎవరికి ఏది ఎంత దూరంలో పెడితే కనబడుతుందో దానికి తెలుసు. తెరమీద నీలిసముద్రం, మధ్యలో ఎండ కాచుకుంటున్న దీవి, దీవి నిండా ఊరు. రంగురంగుల కిటికీలు, సందుసందునా వాయిద్యాలు, రేవు పక్కన సందడిగా సంత.

"మనం ఇక్కడ చలికి ముడుచుకుంటుంటే అక్కడివాళ్లకి చొక్కా కూడా బరువేనట. ఈ సెలవులకి అందరం అక్కడికే," అంది కూతురు.

"ద్వీపమా? దీపమైనా ఉంటుందా అక్కడ?" అంది నాయనమ్మ.

"దీపాలేంటి, వీధివీధినా పాటలు కూడా!"

"పాటలుంటే నా పాట్లేవో నేను పడతాలే. నా పెట్టె కిందకి దించండి!"

ముందుగదిలో మిషను ఆగింది. కరెంటు పోయినా ఆగని మిషను అది. దర్జీ వచ్చి ఫోనుకేసి చూస్తూ నిలబడిపోయింది. "ఎంత తొక్కినా గుమ్మం దాటని బండి నాది. ఒక్కసారి దాటాలని ఉంది," అంది మెల్లగా.

డ్రైవరుగారు ఛాతీ విరిచాడు. "దాటించేస్తా! మంచి వ్యాను అద్దెకి తీసుకుంటా. రేవుదాకా నేనే నడుపుతా. వ్యానుతో సహా పెద్ద పడవెక్కిస్తా. దీవిలోనూ నేనే తిప్పుతా. మీరు వెనకాల కూర్చుని కబుర్లు చెప్పుకోండి, చాలు."

"అయితే నేను రాను," అంది ఆవిడ.

ఆయన కాఫీ కప్పు టక్కున బల్లమీద పెట్టాడు.

"రావా? ఇప్పుడేగా గుమ్మం దాటాలన్నావ్!"

"దాటాలన్నాను. మీ వీపు వెనకాల దాటాలని అనలేదు. పెళ్లయిన కొత్తలో మీ బస్సెక్కించి ఊరంతా చూపించారు. నేను చూసింది ఊరు కాదు, మీ వీపు. అద్దంలో ఒకసారి మీ కళ్లు కనబడితే అదే నాకు ముద్దూ ముచ్చటా. మీ వీపుమీద మచ్చలు నాకు కంఠతా వచ్చు. మీ మొహమే సరిగ్గా గుర్తులేదు."

"ముందుసీట్లో కూర్చో, ఎవరొద్దన్నారు?"

"కూర్చుంటే? 'డ్రైవరుతో మాట్లాడరాదు' అంటారు. బస్సులో ఉండాల్సిన బోర్డు, ఇంటికి తెచ్చి తగిలించారు. నాకు ఒక్క ప్రయాణం కావాలండీ. వేరేవాళ్లు నడపాలి, మీరు నా పక్కన కూర్చోవాలి. అంతే."

"వేరేవాళ్లా?" ఆయన గొంతు పైగేరు అందుకుంది. "ఇన్నేళ్లలో నా బండికి గీత పడిందా? నా చేతి కింద మీకేం లోటైంది? ఎవడో ముక్కూమొహం తెలియనివాడి చేతిలో ఇంటిల్లిపాదినీ పెట్టి, నేను కిటికీలోంచి మేకల్ని లెక్కపెట్టుకోవాలా?"

"ఒరేయ్, నువ్వు నడపకపోతే లోకం ఆగిపోదురా," అంది నాయనమ్మ.

"నువ్వూరుకో అమ్మా!"

"ఊరుకుంటే ఊరికి ఎలా వెళతాం రా?"

నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు. ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆవిడ మిషను ముందు కూర్చుంది. దారం ఎక్కించని సూదితో తెల్లగుడ్డమీద వరసగా కన్నాలు పొడుస్తూ పోయింది. నాయనమ్మ పెట్టె మళ్లీ అటకెక్కింది. ఫోనులో దీవి కూడా చీకటైపోయింది.

ఆ మర్నాటి నుంచి ఆయన ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. అడిగితే "ఓవర్‌టైం" అనేవాడు. కుంటుకుంటూ వచ్చి కూర్చుని పిక్కకి నూనె రాసుకునేవాడు.

"బస్సు నడిపేవాడికి పిక్క ఎందుకు పట్టేస్తుందే?" అంది నాయనమ్మ, కోడలితో. "వీడు ఎక్కడో పరుగెడుతున్నాడు. దేని వెనకాలో కనుక్కో!"

"పరుగెత్తనివ్వండి అత్తయ్యా. అదీ ఆయనే నడుపుకోవాలి కదా," అంది కోడలు. ఎత్తిపొడుపులోనూ చేతికుట్టంత నేర్పు ఆవిడకి.

వారం తిరిగాక ఆవిడ రేవు దగ్గర క్యాంటీనుకి కొత్త పరదాలు అందించాల్సి వచ్చింది. మూట చంకన పెట్టుకుని రేవు బస్సెక్కింది. అది ఆయన రోజూ నడిపే బస్సే. కానీ డ్రైవరు సీట్లో ఆయన లేడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న కొత్త డ్రైవరమ్మాయి ఉంది.

"అక్కా! గురువుగారు వెనకాల ఉన్నారు," అంది ఆ అమ్మాయి, కళ్లతోనే నవ్వుతూ. "డ్యూటీ అయ్యాక రోజూ ఎక్కుతున్నారు. టిక్కెట్టు కొనుక్కుని మరీ!"

ఆవిడ తిరిగి చూసింది. జంట సీట్లో, కిటికీ పక్కన, టోపీ ఒళ్లో పెట్టుకుని ఆయన. రెండు చేతులూ ముందుసీటు కడ్డీని పీక నొక్కినట్టు పట్టుకున్నాయి. బస్సు మలుపు తిరిగితే ఆయన భుజాలూ తిరుగుతున్నాయి. ముందు ఆటో అడ్డొస్తే కుడికాలు నేలని తన్నుతోంది.

"బాబాయ్, కాస్త మెల్లగా! నేలకి కన్నం పడితే మేమందరం నడిచి వెళ్లాలి," అంటున్నాడు వెనకాయన.

ఆవిడ వెళ్లి పక్కన కూర్చుంది. ఆయన ఉలిక్కిపడి, దొంగతనం దొరికిపోయినవాడిలా మొహం కిటికీకేసి తిప్పేశాడు.

"ఓవర్‌టైమా?" అందావిడ.

"ప్రాక్టీసు," అన్నాడాయన గొణుగుతూ. కడ్డీ వదలకుండానే అన్నాడు, "అహంకారం అనుకున్నావు కదూ? భయమే. బండి అదుపు నా చేతిలో ఉంటే మీరంతా నా చేతిలో ఉన్నట్టు. వేరేవాళ్లు నడుపుతుంటే, నా వెనకాల మీరు, నా ముందు వాడు, మధ్యలో నేను ఉత్తచేతులతో. ఈ చేతులతో ఏం చెయ్యాలో నాకు తెలీదే."

"నాకివ్వండి," అందావిడ.

కడ్డీ మీంచి ఒక్కో వేలూ విడదీసింది, బిగుసుకుపోయిన కుట్లు విప్పినట్టు. ఆ చెయ్యి తన ఒళ్లో, పరదాల మూటమీద పెట్టుకుంది. చెప్పు వదిలేసి, తన ఎడమకాలు తీసి ఆయన కుడికాలి మీద ఆనించింది. బస్సు ముందు సైకిలు అడ్డొచ్చింది. కింద కాలు ఎగరబోయింది. పైకాలు ఎగరనివ్వలేదు.

"అమ్మాయి చూసుకుంటుంది లెండి. మీరు నేర్పినదేగా," అంది.

సైకిలు తప్పుకుంది. బస్సు సాఫీగా సాగింది. ఆయన మొదటిసారి కిటికీలోంచి బయటికి చూశాడు. "ఈ రోడ్డులో ఇన్ని చెట్లున్నాయా?" అన్నాడు. తర్వాత ఆవిడకేసి తిరిగి చూశాడు. "నీకు చెంపమీద పుట్టుమచ్చ ఉందా?"

"ఉంది. మీ అద్దంలో పట్టలేదు," అందావిడ. ఇద్దరూ నవ్వారు, వెనకాయన కూడా.

కాసేపటికి ఆవిడ ఫోను మోగింది. కూతురు. "అమ్మా, దీవికి సీట్లు అయిపోతున్నాయి. వ్యానుతో వెళ్లాలా, ఉత్త పడవ టిక్కెట్లా, ఏదో ఒకటి ఇప్పుడే చెప్పండి!"

"పడవ టిక్కెట్లు తియ్యి. మీ నాన్నకీ నాకూ పక్కపక్కన. నాయనమ్మ పెట్టె దించు. గట్టిగా అరవకు, నాన్న నిద్రపోతున్నాడు."

"నిద్రా? నాన్న బస్సులో కదా! నడుపుతూ నిద్రేంటమ్మా?!"

"నడుపుతూ కాదే పిచ్చిమొహమా. నా పక్కన."

అవతల కూతురు కేక, దాన్ని మించి నాయనమ్మ కేక. "నా కొడుకు గెలిచాడే!"

బస్సు రేవు చేరింది. జనం దిగిపోయారు. దూరంగా పడవల కూతలు. డ్రైవరమ్మాయి వెనక్కి తిరిగింది. "అక్కా, ఆఖరి స్టాపు. గురువుగారిని లేపనా?"

ఆయన తల ఆవిడ భుజంమీద ఉంది, నోరు తెరిచి ఉంది. గురక మాత్రం రెండో గేరులో సాగుతోంది. కాలు కదలడం లేదు.

"లేపకు తల్లీ. పరదాలు కాసేపాగితే కొంపలేం మునగవు," అంది ఆవిడ, కళ్లు తుడుచుకుని. "ఇంకో రౌండు పోనియ్యి."