అత్తగారి వెండి లోలాకులు

"ఏయ్ అమ్మాయ్, నెమ్మది! అది మా అత్తగారి వెల్వెట్ కోటు. అంచు నేలకు రాసుకుంటోంది!"

తరాజ్ నగరపు మ్యూజియం హాల్లో అందరూ తిరిగి చూశారు. ఎర్నార్ సిగ్గుతో తల్లి చెయ్యి లాగాడు.

"ఊరుకో అమ్మా."

"ఎలా ఊరుకోనురా? చిరిగితే?"

కులాష్‌కు అన్నీ భయాలే. పోయిన చలికాలం భర్త పోయాక అవి రెట్టింపయ్యాయి. బయట వాన పడుతుంటే పైకప్పు కారుతుందేమోనని చూసుకుంటోంది.

ఒకప్పుడు ఆ ఊరి వీధుల్లో దర్జాగా నడిచిన ఆడవాళ్ళ కోట్లు, గాజులు, ఎత్తు మడమల బూట్లు అద్దాల వెనక ఉన్నాయి. ప్రదర్శనకు మొదటిరోజు కాబట్టి మ్యూజియం అమ్మాయిలు కొన్నిటిని తొడుక్కుని తిరుగుతున్నారు. ప్రదర్శనకు కులాష్ ఇచ్చిన అత్తగారి కోటూ, వెండి లోలాకులూ వాళ్ళలో రౌషాన్ వేసుకుంది.

ఎర్నార్ ప్రేమించింది ఆ అమ్మాయినే. ఆ సంగతి కులాష్‌కు తెలుసు. "మీ నాన్న సంవత్సరీకం అయ్యేదాకా పెళ్ళి మాటే ఎత్తకు. అరిష్టంరా, ఒకర్ని పోగొట్టుకున్నాను" అని ఏడ్చింది కూడా. తల్లి కన్నీళ్ళు చూసి వాడు నోరు కుట్టేసుకున్నాడు. రౌషాన్‌కు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

రౌషాన్ దగ్గరకొచ్చింది. "పిన్నిగారూ, మీ అబ్బాయికి మాటలు వచ్చా? ఈ మధ్య నన్ను చూస్తే గోడల్ని చూస్తున్నాడు."

"చిన్నప్పట్నుంచీ అంతేలే" అంది కులాష్ తడబడుతూ.

"అయితే మంచిదే. ఆదివారం షిమ్‌కెంట్ నుంచి పెళ్ళివారు నన్ను చూడ్డానికి వస్తున్నారు. ఆ అబ్బాయి వాళ్ళమ్మ నా చెవులకు లోలాకులు పెడుతుందట." నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం ఎర్నార్ మీదున్నాయి.

వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. వాడి ముఖాన్ని అలా కులాష్ ఇంతకుముందు ఒక్కసారే చూసింది, భర్త సమాధి దగ్గర.

రౌషాన్ విసురుగా తిరిగింది. కొక్కెం ఊడి లోలాకు జారింది. "అయ్యో, పడిపోతుంది!" అంటూ కులాష్ గాల్లోనే పట్టుకుని, తన ఇంటి పిల్లకు పెట్టినట్టు గబగబా ఆ చెవికి పెట్టేసింది.



వాళ్ళ ఆచారంలో అబ్బాయి తల్లి అమ్మాయి చెవికి లోలాకు పెడితే, సంబంధం ఖాయమైనట్టే. వెనక నుంచి ఒక ముసలావిడ సంచీలోంచి మిఠాయిలు తీసి వాళ్ళ తలల మీద చల్లింది. "శుభం! ఎంత చక్కటి కోడలమ్మా!"

కులాష్ కంగారుగా తల అడ్డంగా ఊపింది. "కాదు, కాదు, పడిపోతోందని..."

"తెలుసు పిన్నిగారూ, పొరపాటున పెట్టారు. తీసేయండి." రౌషాన్ చెవి ఆమె వైపు తిప్పింది. "తీసేయడానికి మీకేం?"

కులాష్ చెయ్యెత్తింది.

"తీయొద్దమ్మా!" ఎర్నార్ అరిచాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "రౌషాన్, నువ్వంటే నాకు ప్రాణం. అమ్మ భయపడుతుందని చెప్పలేదు. తప్పే. ఆదివారం వాళ్ళు రాకూడదు."

"ఇప్పుడా చెప్పేది, మొద్దూ?" రౌషాన్ కన్నీళ్ళు తుడుచుకుంది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. పోయినవాడి కోసం భయపడుతూ, బతికున్నవాణ్ణి కూడా పాతిపెట్టబోయానా అనుకుంది కులాష్. భయం పోలేదు. పోదని కూడా ఆమెకు తెలుసు.

"నీకిష్టమేనా తల్లీ? మొహమాటపడకు."

రౌషాన్ తలూపింది.

కులాష్ రెండో చెవి లోలాకు ఊడదీసింది. రౌషాన్ బిత్తరపోయింది.

"ఇది నువ్వు పెట్టుకున్నది. ఇది కూడా నేనే పెట్టాలి" అంటూ మళ్ళీ ఆ చెవికే పెట్టి, నుదుట ముద్దు పెట్టుకుంది. "పెళ్ళి మాత్రం సంవత్సరీకం అయ్యాకే. పద, వాన తగ్గకపోయినా సరే, ఇప్పుడే మీ అమ్మతో మాట్లాడాలి."