కత్తి పెట్టకముందే

విజయనగరంలోని ఆ ఎముకల ఆస్పత్రి ఆపరేషన్ గదిలో మధ్యాహ్నం పూట కూడా చలే. స్పిరిట్ వాసన, ఏసీ గొణుగుడు, పైన గుండ్రటి పెద్ద దీపం. వెన్నులో మత్తుసూది వేశాక, ఫిన్నీకి నడుం కింద ఏమీ తెలియడం లేదు. ఛాతీ దగ్గర ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. తన కాళ్లు ఆ గుడ్డకి అవతల ఉన్నాయి.

నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడి కూతురు. కబడ్డీలో జిల్లా జట్టు దాకా వెళ్లింది. పార్వతీపురం పోటీల్లో ఎవరో కాలు దొరకబుచ్చుకుని లాగితే కుడి మోకాలు మెలితిరిగి లోపల లిగమెంటు తెగింది.

"నీ తొడ వెనక తాళ్లలాంటి టెండన్లుంటాయమ్మా," అన్నాడు డాక్టర్ సత్యరాజు. "రెండు తీసి, మడతపెట్టి, తెగినదాని చోట బిగిస్తాం."

"మళ్లీ ఆడతానా సార్?"

"పరిగెడతావు."

కోత మొదలైంది. డాక్టర్ చర్చిపాట ఏదో సన్నగా కూనిరాగం తీస్తున్నాడు. పనిముట్లు పళ్లెంలో టిక్కుటిక్కుమంటున్నాయి. ఉన్నట్టుండి పాట ఆగిపోయింది.

"కుమారీ, దీపం ఇటు తిప్పు."

నర్సు తిప్పింది.

"లేదు..."

"ఏటి సార్?"

"టెండన్. పొద్దున్న మోకాలు మడిపించి చూశాను కదా, బిగించిన తాడులా వేలికి తగిలింది." ఇంకాస్త కోశాడు. గొంతు తగ్గింది. "ఇదిగో, కొస మిగిలింది. ఎవరో కోసుకుపోయారు. రక్తం ఇంకా ఆరలేదు."

"సర్మం మీద గీత కూడా లేదు సార్..."

గుడ్డ మీంచి సత్యరాజు తొంగిచూశాడు. ఫిన్నీ కళ్లలోకి మాత్రం చూడలేదు. "ఎడమ కాల్లోంచి తీసుకోవాలమ్మా. సరేనా?"

ఫిన్నీ తలూపింది.

ఎడమ కాల్లోనూ లేవు. అవి ఉండాల్సిన చోట సన్నటి బొరియ మాత్రం ఉంది.

"సార్..." కుమారి అడుగు వెనక్కి వేసింది. "లోపల్నించి గాలొస్తన్నాది. ఎచ్చగా... ఊపిరి లాగ."

పళ్లెంలో ఏదో జారిపడింది.

"కుట్టేద్దాం. తొందరగా."

సాయంత్రానికి వార్డులో పడుకోబెట్టారు. బయట వాన పట్టింది. తల్లి లీలారాణి నుదుటి మీద చెయ్యేసి ప్రార్థన చేసుకుంటోంది.

"ఏటయినాదే? డాక్టరుబాబు మొకం సూపించకుండా ఎలిపోనాడు."

ఫిన్నీ కాళ్లు గిల్లుకుంది. మొద్దు. రెండు చెక్క దుంగల్లా ఉన్నాయి.

అప్పుడు కుడితొడలో ఏదో చిన్నగా లాగింది. తర్వాత ఎడమతొడలో. మళ్లీ కుడి...

కాళ్లు మంచం మీద కదలకుండానే ఉన్నాయి. కానీ ఆ లాగుడు ఆమెకి బాగా తెలుసు. నడక. ఎవరో నడుస్తున్నారు. తన టెండన్లతోనే.

నడక వేగమైంది. పరుగైంది. బురదలో జారడం తెలిసింది, కాలవ మీంచి దూకడం తెలిసింది, రైలుకట్ట ఎక్కినప్పుడు పట్టిన బిగువు తెలిసింది. అంత బాగా తనెప్పుడూ పరిగెత్తలేదు. అలుపన్నది లేదు. దుప్పటి పిడికిట బిగించి ఆపాలని చూసింది. ఏం పెట్టి ఆపుతుంది? చీకటి ముదిరేదాకా ఆ పరుగు సాగుతూనే ఉంది.

తర్వాత నెమ్మదించింది. ఆగింది.

లీలారాణి ఫోను మోగింది. ఇంటి దగ్గర ఒక్కర్తే ఉన్న చిన్నకూతురు షాలిని.

"అమ్మా, అక్కని అప్పుడే ఒగ్గేసినారేటి? పెరట్లో నిల్సున్నాది. పిలిస్తే పలకదు."

"అక్క ఇక్కడే ఉన్నాదే..."

ఫిన్నీ ఫోను లాక్కుంది. "షాలీ! తలుపెయ్యే! తియ్యకు!"

అవతల వాన చప్పుడు. దగ్గరగా.

"తీసేసినానే..."

ఫిన్నీ తొడలు రెండూ మెల్లగా బిగుసుకున్నాయి. అక్కడెవరో మోకాళ్లు మడిచి, మునికాళ్ల మీద కిందికి కూర్చుంటున్నారు.

"అక్కా..." షాలిని గుసగుసగా అంది. "నువ్వక్కడుంటే... నా మోకాలెనక తడుముతన్నాది ఎవర్తే?"