ఆటో స్టార్టర్ పీకిన పిల్ల

కేసముద్రం దగ్గరి తండాలో, వాల్యా బావి కాడ మోటరుకు అడ్డంగా నిలబడింది అతని బిడ్డ సుమన. మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. కాలేజీ బంద్, బస్సులు బంద్. సుమన నోరు ఒక్కటే బంద్ కాలేదు.

ఎదురుగా చిన్న డబ్బా పట్టుకుని సుభాష్ నిలబడ్డాడు. కరెంటు ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసే పిల్లగాడు.

"ఏందది, మీటరా?"

"మీటరు కాదు, కెపాసిటర్. సర్కారు ఉత్తగనే ఇస్తాంది. గిది పెడితే మోటరు కరెంటు తక్కువ గుంజుతది. ట్రాన్స్‌ఫార్మర్ సల్లగుంటది."

"ఇయ్యాల డబ్బా అంటరు, రేపు బిల్లంటరు. మాకెర్క లేదా?"

"బిల్లొస్తే నా పేరు మీద రాసుకో."

"నీ పేరేందో నాకెందుకు?"

"సుభాష్," అన్నాడతను, అడిగినట్టే.

సుమన వెనక్కి తిరిగి, గట్టు మీద గడ్డి కోస్తున్న తల్లి కమ్లీతో తండా భాషలో గబగబా చెప్పింది. వీడు ఎక్కే స్తంభం కన్నా వీడే సన్నగున్నాడట. గట్టిగా గాలొస్తే ఎగిరిపోతాడట. కళ్లు మాత్రం బాగున్నాయట.

సుభాష్ తల వంచుకుని అదే భాషలో జవాబిచ్చాడు.

"కండ్లు మంచిగున్నయన్నవు. నాకు గది సాలు."

అతనిది గూడూరు దగ్గరి తండా అని అప్పుడు తెలిసింది. కమ్లీ నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడింది. సుమన ముఖం పండు మిరపకాయైంది.

"డబ్బా పెట్టనియ్య, పో!"

"సరే, పెట్టను. గా ఆటో స్టార్టరన్నా తీయుండ్రి. దానితోటి కరెంటు రాంగనే మీ మోటర్లన్నీ వాటికవే ఒక్కపాలి లేస్తానయి. ఊరంతా ఒకటే బండెక్కితే ఇరుసు ఇరగదా?"

"తీస్తే ఎట్ల? భూపాలపల్లిల బొగ్గు బందాయె, కరెంటు ఎప్పుడొస్తదో ఎవలకెర్క? మోటరు కాడ కావలి నువ్వుంటవా?"

"పిలిస్తే ఉంట."

"పిలువ!"

ఆ వారమే ఇరుసు విరిగింది. ఎంతో సేపటికి కరెంటొచ్చింది, మోటర్లన్నీ ఒకేసారి లేచాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఢాంమని కాలిపోయింది. వరి పొట్టకొచ్చి ఉంది. ఇప్పుడు తడి అందకపోతే గింజ పట్టదు, అంతా తాలే.

ఎప్పటిలాగే తండా వాళ్లు కాలినదాన్ని ట్రాక్టరులో ఎక్కించుకుని రిపేరు షెడ్డుకు బయలుదేరారు. వాల్యాతో పాటు సుమన ఎక్కింది. బదులు ఇంకోటి ఇప్పించేందుకు సుభాష్ ఎక్కాడు. సగం దారిలో రోడ్డు మీదే పొయ్యిలు, గుండిగలు. తెలంగాణ కోసం దారి ఆపి వంటావార్పు!

"అన్నా, వరి ఎండుతాంది, జర పోనియ్యే," అని వాల్యా బతిమాలాడు.

"తినకుండ పోతే తెలంగాణ ఎట్లొస్తది కాకా?" అన్నాడు అక్కడ పెద్దరికం చేస్తున్న బాలు. "గీ ఉల్లిగడ్డలు కోసియ్యిమను నీ పిల్లలను. కూర జల్దీ అయితది."

సుమన, సుభాష్ రోడ్డు మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోశారు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లే.

"నేను ముందే చెప్పలేదా అని ఎందుకంటలేవు?" అని ముక్కు ఎగబీల్చింది సుమన.

"అంటే నువ్వు మాట్లాడుడు బంద్ చేస్తవు. లుక్సాన్ నాకే."

ఆమె కత్తి ఆగింది.

"నిన్నొక మాట అడగాలె," అన్నాడు సుభాష్. "కానీ డబ్బానే పెట్టనియ్యనోళ్లను ఏం అడుగుత? ముందు డబ్బా, తర్వాత మాట."

"గంత బెట్టా?"

"గంత భయం," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

తిన్నాక దారి వదిలారు. మర్నాటికి తండాలో వేరే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కింది. సుభాష్ స్తంభం దిగి, ఆటో స్టార్టర్లు తీసి వంతులు పెట్టుకొమ్మని దండం పెట్టాడు. ఎవరూ కదల్లేదు.

"వాడు తీస్తే నేను తీస్త."

"ముందుగాల తీసినోని మడే ఎండుతది!"

సుమన వాళ్లందరినీ చూసింది. తన మడినీ చూసింది. సుభాష్ చేతిలోని స్క్రూడ్రైవర్ లాక్కుని, తమ మోటరు కాడికి పోయి, ఆటో స్టార్టర్ పీకి తండ్రి చేతిలో పెట్టింది.

"బిడ్డా, మన వరి?" అన్నాడు వాల్యా.

"అందరి వంతులైనంకనే మన వంతు బాపూ. ఇగ ఎవలకన్న భయముందా?"

మొదట పక్క మడి ఎల్లక్క కొంగు దోపుకుని లేచింది. "ఆడివిల్ల తీసింది, మీరు మీసాలెందుకు పెట్టిండ్రురా!" ఆ మాటతో ఒక్కొక్కరే తీశారు.

కరెంటొచ్చింది. ఒక మోటరు, ఆగి ఇంకొకటి. ట్రాన్స్‌ఫార్మర్ తేనెటీగలా సన్నగా పాడింది. పొద్దు గుంకుతుంటే వాల్యా వంతొచ్చింది. కరెంటు ఉంటుందా, పోతుందా? సుమన బటన్ నొక్కి కళ్లు మూసుకుంది. పైపు దగ్గింది, తుమ్మింది, భళ్లున నీళ్లు కక్కింది.

నీళ్లు ఆఖరి మడి అంచు తాకేదాకా ఆమె వాటి వెంటే నడిచింది. తర్వాత గట్టు మీద దూరంగా కూర్చున్న సుభాష్‌ను పిలిచింది.

"ఏయ్ కావలాయనా! మోటరు బంద్ చేసిన, వచ్చి డబ్బా పెట్టు."

అతను పెట్టాడు. బిగించిన నట్టునే మళ్లీ మళ్లీ బిగిస్తున్నాడు.

"ఇగ అడుగు మరి."

"అదే... అంటే... నువ్వు..."

"మాట రాకుంటే మీ నాయినను తోలుకరా, మేం మేం మాట్లాడుకుంటం," అని నీళ్లలోంచే కేకేశాడు వాల్యా. "ఉల్లిగడ్డలు కోసిన్నాడే సమజైంది నాకు!"

సుమన తల దించుకుంది కానీ కదల్లేదు. అప్పుడే వరి మీదుగా చల్లటి గాలి లేచింది.

గట్టు మీది నుంచి కమ్లీ తండా భాషలో అరిచింది:

"గాలొస్తాంది బిడ్డా, పట్టుకో! ఎగిరిపోతడు!"